సుద్దముక్క టిక్కు

ఇవ్వదట. అంత బరువు ఇనపపెట్టెను ఆళ్లగడ్డ దాకా ఒళ్లోనే పెట్టుకుని పోతుందట. నంద్యాల బస్టాండులో ఒకసారి అడిగాను, బస్సెక్కాక ఇంకోసారి అడిగాను, ఇటియ్యి నేను పట్టుకుంటానని. తల కూడా తిప్పలేదు. కన్నకూతురు, దెబోరా. నాకు రెండు వరసల ముందు ఆడవాళ్ల సీట్లో, నడవ పక్కన కూర్చుంది. చున్నీ మడిచి తొడల మీద వేసుకుని దాని మీద పెట్టెను నిలబెట్టుకుంది. కొత్త కంప్యూటరు పెట్టె, కొని ఇవాళ్టికి సరిగ్గా నెల. టీవీ లాంటి తెర ఇంటి దగ్గరే ఉంది, కూత కూసేది ఈ పెట్టేనట కాబట్టి దీన్నొక్కదాన్నీ పొద్దున మోసుకొచ్చాం, ఇప్పుడు మోసుకుపోతున్నాం. దాని పక్కరేకు మీద నేను కొట్టిన సుద్దముక్క టిక్కు సరిగ్గా నా వైపే తిరిగి ఉంది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా ఆ తెల్లటి టిక్కు ఎగిరి నా కళ్లలో పడుతోంది. చూడకూడదనుకుంటాను, చూస్తాను. ఒళ్లు మండిపోతోంది.

కూత అంట, కూత. నెల రోజులుగా ఇంట్లో ఇదే గోల. పెట్టె వచ్చిన మూడో రోజే మొదలుపెట్టింది, నాయనా, ఇది సన్నగా ఈల వేస్తాంది, తల్లో సూది గుచ్చినట్టుంది అని. నేనేం పట్టించుకోలేదా? ఈ జీవరత్నం పట్టించుకోకుండా వదిలేసిన శబ్దం ఒకటుందా ఆళ్లగడ్డలో? వెళ్లి చెవి పెట్టాను. లోపల ఫ్యాను తిరుగుతోంది, బుస్సుమని, ఏ ఫ్యానైనా తిరిగినట్టే. అయినా ఊరుకున్నానా? ప్లగ్గు మార్చాను. టెస్టరు పెట్టి చూశాను. ఎర్తు సరిగా లేదేమోనని పెరట్లో గుంత తవ్వించి ఉప్పూ బొగ్గూ మళ్లీ నింపించి, పొద్దునొక బిందె సాయంత్రమొక బిందె నీళ్లు పోశాను, తాగడానికి నీళ్లు లేని వీధిలో ఇంటికొచ్చిన నీళ్లు ఎర్తుగుంతకు పోస్తావా అని నా పెళ్లాం సుగుణమ్మ శాపనార్థాలు పెడుతుంటే కూడా పోశాను. అంతా చేశాక మళ్లీ చెవి పెట్టాను. ఫ్యాను. ఫ్యాను తప్ప ఇంకేమీ లేదు. అయినా దెబోరా దగ్గర కంప్యూటరు నేర్చుకోవడానికి వచ్చే ఆరుగురు ఆడపిల్లలూ స్విచ్చి వేయగానే చెవులు మూసుకుంటారు. ఒకతి మూస్తే ఇంకొకతి. చూసి చూసి ఒకరోజు అరిచాను, ఆడలేక మద్దెల ఓడన్నట్టు చదవలేక చెవులు మూసుకుంటారా అని. ఆ మర్నాటి నుంచి ఇద్దరు రావడం మానేశారు. తలనొప్పి అట. నా అరుపుకే మానేశారని సుగుణమ్మ అంటుంది. మిగిలిన నలుగురూ పోతే ఆ గదికి తాళమే. ఇంకో మిషను లేదు, ఈ ఒక్కదాన్ని నమ్ముకునే బల్లలు చేయించింది, గోడకు బోర్డు రాయించింది, ఇరవై మూడేళ్ల పిల్ల ఆళ్లగడ్డలో మొట్టమొదట ఆడపిల్లల కోసం పెట్టిన కంప్యూటరు క్లాసు. అదంతా నాకు తెలియదనా? తెలుసు. తెలిసే వెళ్లాను.

ఒక్కదాన్నే పోయొస్తా అంది పొద్దున. నువ్వేంటికి నాయనా ఎండకు, అంది. నేనొస్తానంటే, వద్దు అంది. మూడుసార్లు అంది. వద్దన్న కొద్దీ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నంద్యాల శెట్టి గారి అంగడికి నేను వెళ్లకపోతే ఎవరు వెళ్తారు? ఆ అంగట్లో ఎవరి చెవి చెల్లుతుందో ఊరందరికీ తెలుసు, నా కూతురికి తెలియదా?

బస్సు ఊరు దాటింది. కండక్టరు ఇంకా టిక్కెట్లు కొడుతూనే ఉన్నాడు. రెండో గేరు నుంచి మూడుకు వేసేటప్పుడు కింద గరగరమంటోంది, పళ్లు అరిగాయి, ఇంకో రెండు నెలలు లాగితే గొప్ప. వెనక ఎడమ చక్రం బేరింగు గొణుగుతోంది. ఎవరికి వినిపిస్తుంది ఇదంతా? ఈ బస్సులో యాభై మంది ఉన్నారు, అడగండి ఒక్కణ్ణి. నాకు వినిపిస్తుంది. ఇలా వినబట్టే రేడియో మెకానిక్కుగా నలభై ఏళ్లు బతికాను. నాగేశ్వరరావు శెట్టి అంగట్లో రేడియో సెట్టు కొనాలంటే ముందు నన్ను పిలిపించేవాళ్లు. ఆళ్లగడ్డ నుంచి పొద్దున బస్సుకు వెళ్తే, వరసగా బల్ల మీద పది సెట్లు పెట్టి ఉంచేవాడు పెద్దశెట్టి. ఫ్యానులు ఆపేవాడు. బేరాలాడే వాళ్లను నోరు మూసుకోమనేవాడు. నేను ఒక్కో దాని మీద చెవి ఆనించి, ఇది పనికొస్తుంది, ఇది ఆరు నెలల్లో పోతుంది అని చెప్పేవాణ్ణి. బాగున్న దాని అడుగున సుద్దముక్కతో ఒక టిక్కు. అంతే. కొనేవాళ్లు సెట్టు తిరగేసి టిక్కుందా లేదా చూసుకునేవాళ్లు, పెద్ద పెద్ద రెడ్లు కూడా. మా పేట నుంచి ఆ అంగడి గడప లోపలికి పోయిన మొదటి మనిషిని నేను. మిగతా వాళ్లు మెట్ల కింద నిలబడే కొనుక్కునేవాళ్లు. నాకు లోపల స్టూలు వేసేవాడు శెట్టి. నన్ను చూసి వేశాడా? నా చెవిని చూసి వేశాడు. ఆ సంగతి నాకెప్పుడూ తెలుసు. ఆ స్టూలు మీద కూర్చున్న ప్రతిసారీ తెలుసు.

ఇప్పుడు కొడుకు వేణుమాధవ్ కాలం. రేడియోలు పోయి టేపు రికార్డర్లొచ్చాయి, అవి పోయి టీవీలు, ఇప్పుడు కంప్యూటర్లు. అయినా పొద్దున మమ్మల్ని చూడగానే ఆ స్టూలే లాగాడు. దెబోరా నిలబడే మాట్లాడింది. మెత్తగా, ఓపిగ్గా, ఏ టైములో ఎంతసేపు ఎలా కూస్తుందో కాగితం మీద రాసుకొచ్చింది. అతను నవ్వుతూ విన్నాడు. విని, కాగితం పక్కన పెట్టి, నా వైపు తిరిగాడు.

"ఇన్ని మాటలేంటికి రత్నమన్నా? మా నాయన కాలం నుంచి ఈ అంగట్లో నీ చెవే కదా కోర్టు. పెట్టి చెప్పు. ఉందంటే ఈ పొద్దే పెట్టెకు పెట్టె మార్చిస్తా. లేదంటే లేదు. నెల గడువు కూడా ఈ పొద్దుతో సరి."

అంగట్లో సీలింగు ఫ్యాను ఆపించాడు. నలుగురు కొనుగోలుదార్లు నోళ్లు మూసుకున్నారు. మళ్లీ ఆ పాతకాలం వచ్చినట్టయింది నాకు, ఎందుకు అబద్ధం చెప్పాలి, ఛాతీ పొంగింది. పెట్టెకు కరెంటిచ్చారు. చెవి ఆనించాను. కళ్లు మూసుకున్నాను. బుస్సుమని ఫ్యాను. దాని వెనక ఏమైనా ఉందా అని వెతికాను, ఒట్టు, నిజంగా వెతికాను, లేదు. ఏం లే శెట్టీ, ఫ్యానే, అన్నాను. తల ఎత్తితే దెబోరా నన్నే చూస్తోంది. నోరు తెరిచింది. ఏదో చెప్పబోయింది. వేణుమాధవ్ కూడా చూశాడు, ఏందమ్మా చెప్పు, అన్నాడు. మూసుకుంది. మూసుకుని తల దించుకుంది. అప్పుడతను సొరుగులోంచి సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టాడు, అట్లయితే కొట్టన్నా టిక్కు, అని. కొట్టాను. ఉన్నదున్నట్టు చెప్పాను, టిక్కు కొట్టాను. ఆ మాత్రానికి నా మొహం చూడదా? నలుగురిలో నా మాట నమ్మనట్టు తల దించుకుంటుందా? పెట్టెను ఎత్తుకుని బయటికి నడిచిందే గానీ, పోదాం నాయనా అన్న ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. గట్టిగా అరిచి, ఉంది నాయనా, నీకేం తెలుసు, అన్నా బాగుండేది, నేనూ నాలుగు అనేవాణ్ణి. నోరు మూసుకునే వాళ్లతో ఎట్లా పోట్లాడతాం?

అయ్యలూరు మెట్ట దాటింది. కిటికీలోంచి వేడిగాలి. రెండు పక్కలా పత్తి, అక్కడక్కడా పొద్దుతిరుగుడు. ఈ పత్తి వచ్చాకే అన్నీ పోయాయి. మందులు కొట్టి కొట్టి పురుగూ పుట్రా లేకుండా చేశారు. నా చిన్నప్పుడు వాన పడ్డ సాయంత్రం కీచురాళ్లు ఎట్లా అరిచేవి, పక్కవాడి మాట వినిపించేది కాదు. ఇప్పుడు ఒక్కటుందా? ఏడెనిమిదేళ్లయింది నేను కీచురాయిని విని. పోయిన వానకాలం ఇంటి ముందు కూర్చుని అదే అన్నాను, చూడండి, పాపిష్టి మందులు కీచురాళ్లను కూడా తినేశాయని. సుగుణమ్మా దెబోరా మొహాలు మొహాలు చూసుకున్నారు. ఎందుకు చూసుకున్నారో? అవును, అన్నారు తర్వాత. అవును నాయనా, పోయినాయి, అంది దెబోరా. టీవీలు కూడా అంతే. పాత టీవీలు ఆన్ చేస్తే సన్నటి ఈల వచ్చేది లోపలి నుంచి, ఎవరి ఇంట్లో టీవీ నడుస్తోందో సౌండు తగ్గించి పెట్టినా వీధిలోంచే చెప్పేవాణ్ణి నేను, పందేలు గెలిచాను. ఇప్పటి టీవీలకు ఆ ఈల లేదు. బాగా చేస్తున్నారు. అదొక్కటే బాగా చేస్తున్నారు ఈ కాలంలో. దెబోరా ఒకసారి అడిగింది, మన టీవీ ఈల వేస్తాంది కదా నాయనా అని. నవ్వాను. నాకు చెప్తుందా టీవీ ఈల గురించి? పిల్ల పుట్టకముందు నుంచి విన్నవాణ్ణి.

బస్సు ఆగింది. శిరివెళ్లకు ఇంకా రెండు మైళ్లుంది. గొర్రెలమంద రోడ్డు నిండా పడింది, కాసేవాడు తాపీగా వెనక వస్తున్నాడు. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టి, విసుగొచ్చి ఇంజను ఆపేశాడు. అబ్బా, ఎంత ప్రశాంతం. గొర్రెలు తప్ప శబ్దమే లేదు. వాటి గొంతులు, కాపరి కేకలు, వెనక సీట్లో ఎవరో వక్కలు కొరుకుతున్నారు. అన్నీ వినిపిస్తున్నాయి. అన్నీ. ఎవడయ్యా నాకు వినిపించలేదన్నది?

"యోవ్ పెద్దాయనా, నీ గడియారం కూస్తాంది చూడు" అన్నాడు పక్క సీటు రైతు.

మొదట అర్థం కాలేదు. పెద్దాయనా ఏంటి, నీకంటే ఎన్నేళ్లు పెద్ద నేను, అని అతని వైపు చూశాను. అతను నా చెయ్యి చూపించాడు. నల్ల ప్లాస్టిక్ డిజిటల్ వాచీ, దెబోరా మొదటి జీతంతో కొనిచ్చింది, రక్తపోటు మాత్రకు ఒంటిగంటకు మోగేలా పెట్టి ఇచ్చింది. అది మోగి చాలా కాలమైంది. మొదట్లో కొన్నాళ్లు మోగింది, తర్వాత చెడిపోయింది. సెల్లు బలం తగ్గితే ముందు పోయేది ఆ మోతే. దానికోసం సెల్లు మార్చడం దండగని ఊరుకున్నాను. కూయడం లేదప్పా, అన్నాను. అతను నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "టింగు టింగుమని ఇంత గట్టిగా కూస్తాంటే ల్యాదంటాడేందీ" అని వక్కలు కొరికేవాడితో అన్నాడు. వాచీ తెర మీద గంట బొమ్మ వెలిగి ఆరుతోంది. వెలిగి ఆరుతోంది. ఎత్తి చెవికి ఆనించుకున్నాను. ఏమీ లేదు. ఇంకా గట్టిగా ఆనించాను, చెవితమ్మె నొప్పి పుట్టేలా. గొర్రెలు అరుస్తున్నాయి. వాచీలో ఏమీ లేదు. అప్పుడే, ముందు, రెండు వరసల అవతల, ఇంతసేపూ ఇటు తిరగని తల తిరిగింది. కోపంతో ఉన్న మొహం కాదు. అలవాటుగా, అన్నం తిన్నావా అన్నంత మామూలుగా, పెదాలతో మాత్రమే అంది.

"నాయనా, మాత్ర."

మళ్లీ ముందుకు తిరిగింది.

ప్రతిరోజూ ఒంటిగంటకు అంటుంది ఆ మాట. నేను పెరట్లో ఉన్నా, షెడ్డులో మైకు విప్పుతూ ఉన్నా, వంటింట్లోంచో క్లాసు గదిలోంచో, నాయనా, మాత్ర. ఆమె లేనప్పుడు సుగుణమ్మ అంటుంది. టైము ఎట్లా గుర్తుంటుందో వీళ్లకు, గడియారం మింగారా, అనుకునేవాణ్ణి. గడియారం నా చేతికే ఉంది. నా చేతి మీద అది మోగితే గోడ అవతల వాళ్లు వింటున్నారు. విని, వాచీ మోగుతోంది వినపడలేదా అనకుండా, మాత్ర అంటున్నారు. ఎన్నాళ్లుగా? రెండేళ్లా? మూడేళ్లా? పోయినాయి నాయనా అంది కీచురాళ్లను. టీవీ ఈల మాట మళ్లీ ఎత్తలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే నీతో మాట్లాడితే అని సుగుణమ్మ నెత్తి కొట్టుకున్నప్పుడల్లా నా మొండితనం గురించి అంటోంది అనుకున్నాను. ఎందుకట్లా అరుస్తావు మాట్లాడితే, అంటే, గొంతు నాది, అన్నాను. ముప్పై ఏళ్లు మైకుసెట్లు కట్టాను, గుడికీ చర్చికీ పెళ్లికీ, గేదె మొహమంత హారను పక్కనే మంచం వేసుకుని పడుకున్నాను. రేడియోకు టోను మర ఉంటుంది, అటు తిప్పితే సన్నటి శబ్దాలన్నీ పోయి బొంగురువి మాత్రం మిగులుతాయి. నా చెవిలో ఆ మరను ఎవరో రోజుకు వెంట్రుకవాసి తిప్పుతూ వచ్చారు, నేను రేడియో బాగానే పలుకుతోంది అనుకుంటూ కూర్చున్నాను. గేరు పళ్లు వినిపిస్తాయి, బేరింగు వినిపిస్తుంది. అవి వినిపించినంత మాత్రాన అన్నీ వినిపిస్తున్నాయని ఎవడు చెప్పాడు? నేనే చెప్పుకున్నాను.

అయితే పొద్దున అంగట్లో ఆ పిల్ల నోరు తెరిచింది ఏం చెప్పడానికి? ఒక్క మాట చాలు. మా నాయనకు సన్నటివి వినపడవు శెట్టీ, ఆయన్ను అడగొద్దు, ఇంకొకరిని అడుగు. అంతే చాలు. పక్కనే బిల్లు రాసే అమ్మాయి ఉంది, పెట్టె ఆన్ చేయగానే చెవిలో వేలు పెట్టుకుంది, కమ్మ సర్దుకుంటోందేమో అనుకున్నాను. ఆ అమ్మాయిని అడిగినా తేలిపోయేది. మిషను మార్చి ఇచ్చేవాడు. తెరిచిన నోరు మూసుకుంది. నలుగురు చూస్తుండగా, ఆ స్టూలు మీద కూర్చున్న నన్ను చూసి మూసుకుంది. అందుకే పొద్దున మూడుసార్లు వద్దంది, నువ్వేంటికి నాయనా అని. నెల రోజులు నేను ఎర్తుగుంతలో నీళ్లు పోస్తుంటే ఊరుకుంది. పిల్లల మీద అరిస్తే ఊరుకుంది. ఇద్దరు మానేస్తే ఊరుకుంది. నా టిక్కును ఒళ్లో పెట్టుకుని మోసుకుపోతోంది.

కోపం తగ్గాలి కదా ఇప్పుడు. తగ్గలేదు. ఇంకా పెరిగింది. నన్ను పసివాణ్ణి చేశారు ఇంట్లో ఇద్దరూ కలిసి, నా చెవి చచ్చిపోతే చావు కబురు కూడా చెప్పకుండా. ఎవరు అడిగారు జాలి? నేనడిగానా? తన మిషను పోగొట్టుకుని నా పరువు కాపాడమని నేనడిగానా? వేణుమాధవ్ మీద కోపం, కోర్టు అంట కోర్టు, వాడి చెవులేమయ్యాయి, వాడికి వినిపించే ఉంటుంది, నా చేతిలో సుద్దముక్క పెట్టి తప్పించుకున్నాడు. నా మీద నాకు కోపం, మెకానిక్కునట, ఒక మీటరు పెట్టి చూశానా, ఇంకొకరి చెవిని అడిగానా? చెవులు మూసుకున్న ఆరుగురు ఎదురుగా ఉంటే ఆరుగురూ అబద్ధం, నేనొక్కణ్ణే నిజం. గొర్రెలు దాటిపోయాయి. ఇంజను మొదలైంది, గరగరా మొదలైంది. శిరివెళ్ల ఇళ్లు కనిపిస్తున్నాయి. ఈ పొద్దుతో గడువు సరి. ఆళ్లగడ్డ వెళ్లి, అన్నం తిని, మాత్ర వేసుకుని పడుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఎప్పటికీ అనరు. నలుగురు పిల్లలు ఇద్దరవుతారు, తర్వాత గదికి తాళం పడుతుంది, అప్పుడు కూడా దెబోరా ఒంటిగంటకు నాయనా మాత్ర అంటుంది. నా పేరు మాత్రం నంద్యాలలో చెక్కు చెదరదు. థూ.

శిరివెళ్లలో బస్సు ఆగగానే లేచి ముందుకు వెళ్లాను.

"దిగు" అన్నాను.

"ఏంది నాయనా? ఇది శిరివెళ్ల."

"తెలుసు. దిగు. అంగడికి పోదాం."

"వద్దులే నాయనా. ఆయప్ప ఇంక మార్చడు."

"దిగమంటాండానా లేదా!" బస్సంతా నన్ను చూసేంత గట్టిగా అరిచాను. పెట్టెను ఆమె ఒళ్లోంచి లాక్కున్నాను. ఈసారి ఇచ్చింది.

నంద్యాల వైపు వెళ్లే ఆటోలో పెట్టె నా ఒళ్లో ఉంది. మా ఇద్దరితో పాటు ఇంకో ఆరుగురు. ఆటో మోతలో ఎవరికీ ఏమీ వినిపించదు, అక్కడ అందరమూ సమానమే. దెబోరా వాచీ వైపూ నా మొహం వైపూ మార్చి మార్చి చూస్తోంది. తెలిసిపోయింది దానికి, నాకు తెలిసిపోయిందని. సంచిలో చెయ్యి పెట్టి వెతికాను. మాత్రల డబ్బా, తువ్వాలు, జేబురేడియో. వార్తల కోసం ఎప్పుడూ వెంట ఉండే చిన్న ట్రాన్సిస్టరు. దాన్ని పట్టుకుని కూర్చున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది, నెల రోజులుగా సంచిలో ఇది పెట్టుకుని తిరిగాను. కరెంటు సామాను ఎక్కడ చెడినా పక్కన రేడియో పెడితే అది బొంగురుగా అరిచి చెబుతుంది, ఇది మొదటి ఏడాది నేర్చుకున్న పాఠం. చెవి ఉండగా రేడియో ఎందుకని ఆ పాఠం మరిచిపోయాను.

మేము మెట్లెక్కేసరికి వేణుమాధవ్ అన్నానికి లేవబోతున్నాడు. అంగట్లో ఐదారుగురున్నారు. మళ్లీ వచ్చినారేందన్నా, అని నవ్వి స్టూలు లాగాడు. కూర్చోలేదు. సీలింగు ఫ్యాను ఆపమన్నాను. రేడియో ఆన్ చేసి ఏ స్టేషనూ లేని చోట ముల్లు నిలబెట్టాను. ముందు అమ్మకానికి పెట్టిన అతని మిషన్ల దగ్గరికి తీసుకెళ్లాను, మూడింటి దగ్గరా కొద్దిగా సణిగింది. సణగడం మామూలే. తర్వాత దెబోరా పెట్టెకు కరెంటిమ్మన్నాను. ఇంకా జానెడు దూరం ఉండగానే రేడియో గీపెట్టింది. కరెంటు తీగ లోపలికి పోయే చోట, వెనక పై మూల, ఆ సప్లై డబ్బా దగ్గర గొంతు కోసినట్టు అరిచింది. అక్కణ్ణుంచి పక్కకు జరిపితే తగ్గింది. మళ్లీ పెట్టాను. మళ్లీ అరిచింది. ఈ అరుపు నాకు వినిపించింది. నెల రోజులుగా నా కూతురి తల్లో గుచ్చుకున్న సూది ఇదన్నమాట.

"రేడియో ఏంటికన్నా ఇప్పుడు?" అన్నాడు వేణుమాధవ్. నవ్వు పోయింది. "పొద్దున నువ్వే కదా చెవి పెట్టి లేదంటివి. నీ టిక్కు ఉంది కదా దాని మీద."

అందరూ నన్నే చూస్తున్నారు. ఆ స్టూలు ఖాళీగా ఉంది. బొటనవేలు నోట్లో తడుపుకుని టిక్కును తుడిచాను. ఒక్కసారికి పోలేదు, రుద్దాను.

"నా చెవి పోయింది శెట్టీ. సన్నటి శబ్దం నాకు వినపడదు. ఎన్నేండ్లయిందో నాకే తెలీదు. నా బిడ్డకు తెలుసు, నీ ముందర నన్ను చిన్న చేయగూడదని పొద్దున నోరు మూసుకునింది. పెట్టె మార్చు."

బిల్లు రాసే అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తకుండా, పొద్దున గూడా కూసింది సార్, నాకు వినపడింది, అంది. వేణుమాధవ్ ఆమె వైపు కోపంగా చూసి, నా వైపు చూసి, లోపలికి వెళ్లి ఇంకో పెట్టె తెచ్చి బల్ల మీద కొంచెం గట్టిగానే పెట్టాడు. కరెంటిచ్చాడు. సొరుగు లాగి సుద్దముక్క తీసి, అలవాటు కొద్దీ, నా వైపే చాపాడు. ఇంత చెప్పాక కూడా. మళ్లీ అరికాలి నుంచి మంట లేచింది.

ఆ సుద్దముక్క లాక్కుని దెబోరా చేతిలో కుక్కాను. "ఏం చూస్తాండావ్? చెవి పెట్టు" అని అరిచాను, అంగడి బయట కూడా వినపడి ఉంటుంది.

చున్నీ వెనక్కి వేసుకుని వంగింది. చెవి రేకుకు ఆనించి కళ్లు మూసుకుంది, అచ్చం నాలాగే, ఎవరు నేర్పారో. నాకు బుస్సుమని ఫ్యాను ఒక్కటే వినిపిస్తోంది, అందుకని నేను దాని మొహం చూస్తూ నిలబడ్డాను. కనుబొమలు దగ్గరికొచ్చాయి. లేచి, సుద్దముక్కను గీత గీయకుండా బల్ల మీద పెట్టింది.

"ఇది గూడా కూస్తాంది" అంది. "ఇంకోటి తీయండి."

వేణుమాధవ్ నిజమా అన్నట్టు నా వైపు చూశాడు. నేను ఆ స్టూలును కాలితో దెబోరా దగ్గరికి జరిపాను.

"నన్నేం చూస్తావప్పా" అన్నాను. "తీయమంటాంది కదా. తియ్యి."